కిల్న్‌లో 1222 డిగ్రీలు వస్తే కోన్ సిక్స్ అయిపోయినట్టేనా?

మట్టిపాత్రలు కాల్చే కొలిమిని కిల్న్ అంటారు. దాని కంట్రోలర్ తెర మీద 1222 అని కనబడగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కిల్న్ ఆగిపోతుంది, మర్నాడు మూత తీస్తారు. ఒకసారి గ్లేజ్, అంటే పాత్ర మీద గాజులా కరిగే పూత, అద్దంలా మెరుస్తుంది. ఇంకోసారి అదే మట్టి, అదే గ్లేజ్, అదే 1222. కానీ కప్పు అడుగున గ్లేజ్ కారి షెల్ఫ్‌కు అతుక్కుని ఉంటుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ నుంచి కొండాపూర్ దాకా చిన్న చిన్న పాటరీ స్టూడియోలు కనబడుతున్నాయి. వారాంతపు క్లాసులతో మొదలుపెట్టి, మేడమీద గదిలో సొంతంగా ఎలక్ట్రిక్ కిల్న్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎవరిని కదిలించినా ఈ ప్రశ్నే వస్తుంది: "టెంపరేచర్ సరిగ్గానే పెట్టాను కదండీ, మరి ఎందుకిలా అయింది?"

చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మట్టి పక్వానికి రావడానికి ఎంత వేడి తగిలిందన్నది సగం లెక్క. ఆ వేడిలో ఎంతసేపు ఉందన్నది మిగతా సగం. తెర మీది అంకె మొదటిదాన్నే చెబుతుంది. రెండూ కలిపి చెప్పే సాధనం కోన్. జానెడు కూడా లేని, ముక్కోణపు మట్టి పుల్ల అది. నూట ముప్పై ఏళ్లు దాటినా దాని పని దానిదే.

కిల్న్ లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే స్టోన్‌వేర్ మట్టిలో కయోలిన్ జాతి బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ ఉంటాయి. పైవేడికి వచ్చేసరికి ఫెల్డ్‌స్పార్ కరగడం మొదలవుతుంది. అలా కరిగిన చిక్కటి గాజు మట్టి రేణువుల సందుల్లోకి పాకుతుంది, పక్కనున్న క్వార్ట్జ్‌ను మెల్లగా తనలో కలుపుకుంటుంది. బంకమట్టిలోంచి ముల్లైట్ అనే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు పుడతాయి. పాత్ర కుంచించుకుని గట్టిపడుతుంది. ఇవేవీ ఫలానా డిగ్రీ దగ్గర టక్కున జరిగి ఆగిపోయే పనులు కావు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ వేగం పుంజుకుంటూ, సమయం ఇచ్చినకొద్దీ ముందుకు సాగుతూనే ఉంటాయి. కొంచెం తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచినా, కొంచెం ఎక్కువ వేడిని తొందరగా దాటించినా పాత్ర ఒకే పాకానికి రావచ్చు. సెరామిక్స్‌లో దీన్నే హీట్‌వర్క్ అంటారు.

పాకం అన్నాను కాబట్టి ఒక మాట. అరిసెలకు బెల్లం పాకం పట్టేవాళ్లు ఎవరూ థర్మామీటర్ పెట్టరు. చుక్క తీసి పళ్లెంలో నీళ్లలో వేస్తారు. వేలితో నెడితే ఉండ కట్టిందా, దింపేస్తారు. పొయ్యి మంట ఎంత, గిన్నె మందం ఎంత, బెల్లంలో తేమ ఎంత అన్న లెక్కలన్నీ ఆ ఒక్క చుక్కలో తేలిపోతాయి. కోన్ చేసేదీ అదే. పాత్రను ఏ పదార్థాలతో చేశామో అదే జాతి పదార్థాలతో ఒక నమూనా చేసి పాత్రల పక్కనే నిలబెడతాం. పాత్రకు ఏం జరుగుతుందో దానికీ అదే జరుగుతుంది. అది వంగితే మనకు కనబడుతుంది.

ఈ ఆలోచనకు ముందు ఇంకో ఆలోచన ఉంది. ఇంగ్లండ్‌లో పాత్రల తయారీదారు జోసయా వెడ్జ్‌వుడ్ 1782లో శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి ఒక పైరోమీటర్‌ను వివరించాడు. చిన్న మట్టి ముక్కల్ని కొలిమిలో పెట్టి, బయటికి తీసి, క్రమంగా ఇరుకయ్యే గాడిలో జార్చేవాడు. ముక్క ఎంత కుంచించుకుంటే అంత లోపలికి పోతుంది. అలా వేడిని కొలిచాడు. డిగ్రీల్లోకి మార్చిన లెక్కలు బాగా తప్పాయి కానీ మట్టిని మట్టితోనే కొలవాలన్న పట్టు మాత్రం సరైనదే. మరుసటి ఏడాదే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. (చార్లెస్ డార్విన్‌కు ఈయన స్వయానా తల్లి తండ్రి.) ఆ తర్వాత వందేళ్లకు, 1886లో, బెర్లిన్‌లోని రాజ పింగాణీ కర్మాగారంలో రసాయన శాస్త్రవేత్త హెర్మన్ సెగర్ కోన్లు తయారుచేశాడు. కయోలిన్, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, సున్నపురాయి పొడి పాళ్లను మెట్లు మెట్లుగా మార్చుకుంటూ పోతే ఒక్కో మిశ్రమం ఒక్కో దశలో మెత్తబడుతుందని చూపించాడు. అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ జూనియర్ 1896లో ఒహాయోలో వీటి తయారీ మొదలుపెట్టాడు. ఇప్పుడు మన స్టూడియోల్లో ఎక్కువగా కనబడేవి ఆ ఆర్టన్ కోన్లే.

సున్నాతో పెద్ద తంటా

కోన్ల నంబర్లు కొత్తవాళ్లను తికమక పెట్టడానికే పెట్టారా అనిపిస్తుంది. అన్నిటికంటే తక్కువ వేడికి వంగేది 022. అక్కణ్ణుంచి 021, 020 అంటూ 01 దాకా వచ్చి, తర్వాత 1, 2, 3 అంటూ పైకి పోతుంది. సున్నా నంబరు కోన్ అసలు లేదు. ముందు సున్నా ఉంటే దాన్ని మైనస్ గుర్తుగా చదువుకోవాలి. 06 కంటే 04 వేడి ఎక్కువ, 4 కంటే 6 వేడి ఎక్కువ. ఇదంతా ఎందుకొచ్చిందంటే, సెగర్ పింగాణీ కోసం 1 నుంచి మొదలుపెట్టాడు. తర్వాత ఇంకా తక్కువ వేడికీ కోన్లు కావాల్సి వచ్చాయి. ఒకటి కిందికి దిగడానికి దారి లేక ముందు సున్నా తగిలించుకుంటూ పోయారు.

నోటి మాటగా "సిక్స్" అంటే ఏ సిక్సో తేల్చుకోకపోతే కొంప మునుగుతుంది. గంటకు 60 డిగ్రీల చొప్పున ఎక్కే కిల్న్‌లో కోన్ 06 దాదాపు 998 డిగ్రీల దగ్గర వంగుతుంది, కోన్ 6 దాదాపు 1222 దగ్గర. మధ్యలో 224 డిగ్రీల తేడా. మన చెరువు మట్టితో చేసిన ప్రమిదల్ని జీరో సిక్స్‌కు కాల్చాల్సింది పోయి సిక్స్‌కు కాలిస్తే అవి ఉబ్బి, వంకర్లు పోయి, ఒక్కోసారి కరిగి షెల్ఫ్‌ను పట్టుకుంటాయి. ఆ మట్టిలో ఇనుము ఎక్కువ, అంత వేడికి తట్టుకోదు. అందుకే అనుభవం ఉన్న స్టూడియోల్లో "జీరో సిక్స్", "కోన్ సిక్స్" అని విడివిడిగా, నొక్కి పలుకుతారు. పుస్తకంలో రాసేటప్పుడు ఆ సున్నాను మరింత జాగ్రత్తగా రాయాలి.

పనిలో ఎక్కువగా వచ్చేవి కొన్నే. గ్లేజ్ మీద వేసే డెకాల్స్ (అతికించే బొమ్మలు), బంగారు గీతలు, గాజు పని 022 నుంచి 011 దాకా, ఆ చుట్టుపక్కల. బిస్క్, అంటే గ్లేజ్ పుయ్యకముందు మొదటి కాల్పు, ఎక్కువగా 06 లేదా 04. ఎలక్ట్రిక్ కిల్న్‌లో స్టోన్‌వేర్‌కు 5 లేదా 6. గ్యాస్, కట్టెల కిల్న్‌లలో చాలాచోట్ల 9, 10. మెట్లు సమానంగా ఉంటాయనుకోవద్దు. గంటకు 60 డిగ్రీల లెక్కన కోన్ 5 దాదాపు 1186, కోన్ 6 దాదాపు 1222. అంటే 36 డిగ్రీల ఎడం. 8 నుంచి 9కి మాత్రం 1249 నుంచి 1260, అంటే 11 డిగ్రీలే. అందుకని "ఒక కోన్ ఎక్కువ కాల్చాను" అన్న మాట ఏ కోన్ దగ్గర అన్నారో తెలిస్తేనే అర్థమవుతుంది.

ఒకటే డిగ్రీ, రెండు కోన్లు

ఇప్పుడు అసలు ముడి విప్పుదాం. పైన ప్రతిసారీ "గంటకు 60 డిగ్రీల చొప్పున" అని ఎందుకు తగిలించానంటే, అది లేకుండా ఆ డిగ్రీలకు అర్థం లేదు. ఆర్టన్ పట్టికలో కోన్ 6 పక్కన ఒక అంకె ఉండదు, మూడు ఉంటాయి. చివరి వంద డిగ్రీలు గంటకు 15 చొప్పున మెల్లగా ఎక్కితే 1185 దగ్గరే వంగిపోతుంది. 60 చొప్పున ఎక్కితే 1222. 150 చొప్పున పరిగెత్తిస్తే 1243 దాకా ఆగుతుంది. ఒకే కోన్‌కు 58 డిగ్రీల తేడా.

దీన్ని తిప్పి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 60 చొప్పున ఎక్కే కిల్న్‌లో 1186 దగ్గర వంగేది కోన్ 5. 15 చొప్పున నత్తనడక నడిచే కిల్న్‌లో దాదాపు అదే 1185 దగ్గర వంగేది కోన్ 6. తెర మీద అంకె ఒకటే, లోపల పాత్రలు మాత్రం ఒక కోన్ తేడాతో కాలాయి. అలాంటప్పుడు 1185 అని నోట్‌బుక్‌లో రాసుకుని ఏం లాభం?

చివరి వంద డిగ్రీల మీదే ఇంత పట్టింపు ఎందుకంటే, గాజు కరిగి పాకే పని వేగం ఉష్ణోగ్రతతో పాటు ఇంతలింతలుగా పెరుగుతుంది. 800 దగ్గర గంటసేపు ఆగినా కోన్ 6కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. 1200 దగ్గర గంట ఆగితే లెక్క మారిపోతుంది. అలాగని కింది దశల్లో తొందరపడమని కాదు. 100 డిగ్రీల దగ్గర తేమ ఆవిరై పోవాలి, 573 దగ్గర క్వార్ట్జ్ స్ఫటికం రూపు మారి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. అక్కడ తొందరపడితే పాత్ర పగులుతుంది. అది పాత్ర క్షేమం సంగతి, కోన్‌కు పట్టదు.

సోక్ కూడా ఈ లెక్కలోదే. పైవేడికి వచ్చాక కొంతసేపు అక్కడే నిలబెడితే గ్లేజ్‌లోని బుడగలు సర్దుకుంటాయని చాలామంది అలా చేస్తారు. మంచిదే. కానీ ఆగిన ప్రతి నిమిషం హీట్‌వర్క్‌లో కలుస్తుంది. ఒకటి రెండు గంటలు ఆపితే తర్వాతి నంబరు కోన్ కూడా వంగుతుంది. అందుకే సోక్ పెట్టదలిస్తే పైవేడిని కొంత తగ్గించుకోవాలి. ఎంత తగ్గించాలో పుస్తకం చెప్పలేదు, మీ కిల్న్‌లో పెట్టిన కోన్ చెబుతుంది.

హైదరాబాద్‌లో కిల్న్ నడిపేవాళ్లకు ఇందులో ఒక వింత చిక్కు ఉంది. మే నెల సాయంత్రం వీధిలోని ఏసీలన్నీ ఒకేసారి నడుస్తాయి. చాలా కాలనీల్లో వోల్టేజ్ పడిపోతుంది. 230 ఉండాల్సింది 207కి దిగిందనుకుందాం. పది శాతమే తగ్గింది కదా అనిపిస్తుంది. కానీ కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి శక్తి దాదాపు అయిదో వంతు పోయింది. 1150 దాటాక కిల్న్ గోడల్లోంచి పోయే వేడి అసలే ఎక్కువ. మిగిలిన శక్తిలో చాలా భాగం ఆ నష్టాన్ని పూడ్చడానికే సరిపోతుంది. గంటకు 60 ఎక్కాల్సింది 20 కూడా ఎక్కదు. కాయిల్స్ పాతబడి ఉంటే ఇంకా నెమ్మది.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. కరెంటు తక్కువైంది కాబట్టి సరిగ్గా కాలి ఉండదు అనుకుంటారు. జరిగేది సరిగ్గా దానికి ఎదురు. కంట్రోలర్‌లో 1222 అని పెట్టి ఉంచారు, అది ఆ అంకె వచ్చేదాకా ఆపదు. మెల్లగా, గంటల తరబడి మండి, చివరికి 1222 చేరేసరికి పాత్రలు కోన్ 6 దాటి పైకి పోయి ఉంటాయి. గ్లేజ్ కారుతుంది. వోల్టేజ్ బాగున్న జనవరిలో పనిచేసిన ప్రోగ్రామ్ మేలో మోసం చేయడానికి కారణం ఇదే. మొదట్లో చెప్పిన "టెంపరేచర్ సరిగ్గానే పెట్టాను కదండీ"కి జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

కరెంటు పోయినా అంతే. 1180 దగ్గర అరగంట పవర్ కట్ వచ్చిందంటే కిల్న్ చల్లబడుతుంది, తెర మీద అంకె దిగుతుంది. కానీ అప్పటిదాకా మట్టిలో కరిగిన గాజు వెనక్కి పోదు. సగం వంగిన కోన్ నిటారుగా లేవదు. కరెంటు వచ్చాక కిల్న్ మళ్లీ ఎక్కి అదే చోటికి వస్తే ఆ పని పాత పనికి తోడవుతుంది. కిల్న్ లోపలి వేడిని కొలిచి తెరకు అందించే థర్మోకపుల్‌కు గతం గుర్తుండదు. ఈ క్షణంలో ఎంత వేడి ఉందో అదొక్కటే చెబుతుంది.

"నా కంట్రోలర్‌లో కోన్ 6 ప్రోగ్రామే ఉంది కదా" అని కొందరు అంటారు. ఉంటుంది. మంచి కంట్రోలర్లు ఎక్కే వేగాన్ని చూసి ఆపాల్సిన ఉష్ణోగ్రతను సర్దుకుంటాయి. డిగ్రీ మాత్రమే పెట్టే ప్రోగ్రామ్ కంటే అది వంద రెట్లు నయం. కానీ అది కూడా లెక్కే, కోన్ కాదు. ఆ లెక్కకు ఆధారం ఒకే ఒక థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహపు తీగల్ని ఒక చివర కలిపితే వేడికి పుట్టే అతి చిన్న వోల్టేజ్‌ను చదివే సాధనం అది. చిన్న కిల్న్‌లలో ఎక్కువగా ఉండేది నికెల్ లోహాలతో చేసిన కె రకం. స్టోన్‌వేర్ వేడిలో పదేపదే మగ్గితే దాని తీగలు పొలుసులు లేచి, అది చూపే అంకె జారిపోతూ వస్తుంది. చాలాసార్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, దాంతో కిల్న్ ఎక్కువ కాలుస్తుంది. ప్లాటినంతో చేసే ఎస్ రకం ఎక్కువ కాలం నిలకడగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. ఏ రకమైనా గోడ పక్కన ఒక్క చోటి వేడినే చెప్పగలదు. కింది షెల్ఫ్‌లో మందపాటి ప్లేట్ల వెనకాల ఏం జరుగుతోందో దానికి తెలియదు.

మూడు కోన్ల సాక్ష్యం

ఒక్క కోన్ పెడితే అది వంగిందో లేదో తెలుస్తుంది. పూర్తిగా పడిపోయి ఉంటే ఎంత దాటిందో తెలియదు, నిలబడి ఉంటే ఎంత తగ్గిందో తెలియదు. అందుకే మూడు వరసగా పెడతారు. కోన్ 6 కావాలంటే 5, 6, 7. మొదటిది దగ్గర పడ్డామని హెచ్చరిస్తుంది, రెండోది అసలు లక్ష్యం, మూడోది దాటిపోయామేమో చెబుతుంది.

పెద్ద కోన్ ఎత్తు రెండున్నర అంగుళాలు ఉంటుంది, ముఖం మీద నంబరు అచ్చు వేసి ఉంటుంది. మామూలు పెద్ద కోన్‌ను మట్టి పట్టీలో గుచ్చాలి. అక్కడ రెండు సంగతులు చూసుకోవాలి. నిటారుగా కాకుండా 8 డిగ్రీలు వాలుగా ఉండాలి, మట్టి పైన రెండు అంగుళాలు కనబడాలి. కోన్ అడుగు కోసిన తీరులోనే ఆ వాలు ఉంటుంది, సమతలం మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఎక్కువ వాలిస్తే ముందే పడుతుంది. లోతుగా గుచ్చితే, పైన పొడవు తగ్గి, ఆలస్యంగా పడుతుంది. తనంతట తానే నిలబడే రకం కోన్లలో పీఠం కలిపే వస్తుంది కాబట్టి ఈ బాధ లేదు. ఖరీదు కాస్త ఎక్కువైనా మొదలుపెట్టేవాళ్లకు అవే కొనమంటాను. మట్టి పట్టీ చేసుకునేవాళ్లు గ్రాగ్ (కాల్చి పొడిచేసిన మట్టి) కలిపిన మట్టి వాడి, సూదితో కన్నాలు పొడిచి, బాగా ఎండనివ్వాలి. పచ్చిగా పెడితే ఆవిరికి పేలి కోన్లు పక్క పాత్రల గ్లేజ్‌లో పడతాయి. జూలై ముసురులో ఆ పట్టీలు ఎండడానికి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పడుతుంది.

వంగే తీరును ఒకసారి పీప్‌హోల్‌లోంచి, అంటే కిల్న్ గోడలోని చూపు రంధ్రంలోంచి, చూస్తే మరిచిపోరు. కోన్ చాలాసేపు ఏమీ జరగనట్టే నిలబడి ఉంటుంది. తర్వాత కొన మాత్రం కొద్దిగా తలదించుతుంది. సగం వంగేదాకా నింపాదిగా సాగుతుంది, సగం దాటాక చకచకా దిగుతుంది. మొత్తం పావుగంట నుంచి అరగంట లోపు. కొన దిగి పీఠం మట్టానికి వచ్చిందంటే ఆ కోన్ పూర్తయినట్టు. కొన పీఠాన్ని దాటి కిందికి జారి, నడుము చదునై, ముద్దగా పడిందంటే దాటిపోయినట్టు. ఆ వేడిలో అంతా ఒకే వెలుగు రంగులో ఉంటుంది, కోన్ అంచు వెనక గోడలో కలిసిపోయి కనబడదు. అందుకని కోన్లను పీప్‌హోల్‌కు ఎదురుగా, వెనకాల కాయిల్ వెలుగు అంచును తేల్చి చూపేలా అమర్చుకోవాలి. కాయిల్‌కు మరీ దగ్గరగా పెడితే పాత్రల కథ కాకుండా కాయిల్ కథ చెబుతాయి. చూసేటప్పుడు వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే. చలవ కళ్లద్దాలు చాలవు. పరారుణ కిరణాలు కంటికి తెలియకుండానే హాని చేస్తాయి.

ఫైరింగ్ అయ్యాక వచ్చే సమాచారం ఇంకా విలువైనది. పై షెల్ఫ్ కోన్లలో 5, 6 పడి, 7 సగం వంగి, కింది షెల్ఫ్‌లో 6 సగంలోనే ఆగి ఉంటే, మీ కిల్న్‌లో పైకీ కిందికీ ఒక కోన్ దాకా తేడా ఉన్నట్టు. రిపేరుకు ఇవ్వకముందు సామాను పేర్చే తీరు మార్చి చూడండి. ఎక్కువ వేడి పట్టే చోట ఎక్కువ పాత్రలు సర్దడం, కారే స్వభావం ఉన్న గ్లేజ్‌లను తక్కువ వేడి చోట పెట్టడం వంటి చిన్న మార్పులతోనే తేడా బాగా తగ్గుతుంది. అన్ని షెల్ఫ్‌లలో ఒకే దిక్కుకు తేడా వస్తుంటే అప్పుడు కంట్రోలర్‌లో థర్మోకపుల్ సవరణ మార్చాలి. ఆ సవరణ ఎంతో నిర్ణయించేది కోన్లే. కాలిన పట్టీ వెనక తేదీ, ప్రోగ్రామ్, ఏ షెల్ఫ్ అన్నది మార్కర్‌తో రాసి అట్టపెట్టెలో దాచుకోవడం మంచి అలవాటు. ఒకసారి వంగిన కోన్ మళ్లీ పనికిరాదు. సగం వంగినదాన్ని ఇంకోసారి పెట్టి పొదుపు చేద్దామనుకోవద్దు, దానిలో జరగాల్సిన మార్పు అప్పటికే సగం జరిగిపోయింది.

గ్యాస్ కిల్న్‌లో గాలి తగ్గించి రిడక్షన్ పద్ధతిలో కాల్చేవాళ్లకు ఇంకో జాగ్రత్త. 010 నుంచి 3 దాకా మామూలు కోన్లు ఎర్రగా ఉంటాయి, వాటిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. ఆక్సిజన్ తక్కువైన పొగ వాతావరణంలో ఆ ఇనుము రూపం మారి కోన్‌ను ముందే కరిగిస్తుంది. దానికోసం ఇనుము లేని కోన్లు వేరుగా దొరుకుతాయి.

ఇదంతా చదివి, మన కుమ్మరులకు ఇవేవీ లేవు కదా, వాళ్లెలా కాల్చారని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆవంలో పచ్చి కుండలు పేర్చి, కట్టెలు, పిడకలు, గడ్డి వేసి, పైన పెంకులు కప్పి కాల్చే కుమ్మరి పొగ రంగు చూస్తాడు, సందుల్లోంచి కనబడే ఎరుపు చూస్తాడు, ఎంత కట్టెకు ఎంతసేపు పడుతుందో చేతికి తెలుసు. ఆ కాల్పు కోన్ 6 ఛాయలకు కూడా పోదు, ఎక్కువగా 700 నుంచి 900 డిగ్రీల మధ్యే. అది లోపం కాదు, అదే కావాలి. ఎండాకాలం నగరమంతా రోడ్ల పక్కన అమ్మే రంజన్‌లో నీళ్లు చల్లగా ఉండేది గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు చెమర్చి ఆవిరవడం వల్ల. దాన్ని కోన్ 6 స్టోన్‌వేర్‌గా కాలిస్తే రంధ్రాలన్నీ గాజుతో మూసుకుపోయి నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. కొనేవాళ్లు కుండను వేలితో కొట్టి ఖంగుమంటుందా లేదా చూసేది కూడా కాలిన పాకాన్ని పరీక్షించడమే. గ్లేజ్ విషయంలో మాత్రం అంచు చాలా సన్నం. పాతబస్తీలో పత్తర్‌గట్టీ దగ్గర, మొహర్రం సంతాప సభలు జరిగే బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో 1611 నాటి పసుపు, నీలం, ఆకుపచ్చ గ్లేజ్ పలకలు చూస్తే, కోన్లు పుట్టడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా ముందే ఆ అంచును కళ్లతో పట్టుకున్నవాళ్లు ఉన్నారని ఒప్పుకోవాలి. వాళ్లు రోజూ ఒకే రకం కిల్న్, ఒకే రకం గ్లేజ్ కాల్చినవాళ్లు. నెలకోసారి కొత్త గ్లేజ్ ప్రయత్నించే మనకు ఆ కన్ను రాదు. ఒకటి రెండు కోన్ల ఖర్చు చాలా తేలిక.

తినే పాత్రల దగ్గర ఇది అందం గురించిన సంగతి మాత్రమే కాదు. కోన్ 6కి తయారుచేసిన గ్లేజ్ కోన్ 4 దగ్గర ఆగిపోతే పైకి కాస్త మసకగా, గరుకుగా కనబడుతుంది, కొందరికి ఆ మ్యాట్ తీరు నచ్చుతుంది కూడా. లోపల గాజు పూర్తిగా కట్టకపోవడంతో చింతపండు పులుసు, నిమ్మకాయ పచ్చడి వంటి పులుపు తగిలితే గ్లేజ్‌లోని లోహాలు తేలికగా ఊరి బయటికి వస్తాయి. రంగుల కోసం వాడే రాగి, మాంగనీస్ వంటివి ఎక్కువగా ఉన్న గ్లేజ్‌లో ఇది ఇంకా పట్టించుకోవాలి. కోన్ సరిగ్గా పడితే చాలు, పాత్ర క్షేమం అని కూడా అనలేం. గ్లేజ్ రెసిపీయే సరిగా లేకపోతే ఎంత బాగా కాల్చినా ఊరుతుంది. అది ల్యాబ్ పరీక్షతో తేలాల్సింది.

కోన్‌కు చేతకాని పని ఒకటుంది. ఎక్కేటప్పుడు జరిగిందంతా అది చెబుతుంది, దిగేటప్పుడు జరిగేది చెప్పదు. చాలా మ్యాట్ గ్లేజ్‌ల అందం పైవేడిలో పుట్టదు. చల్లారేటప్పుడు, 1100 నుంచి 900 దాకా దిగే దారిలో, సన్నటి స్ఫటికాలు ఏర్పడి ఆ పట్టులాంటి తీరు వస్తుంది. చిన్న కిల్న్ గోడలు పల్చన కాబట్టి ఆ దారిని గంట రెండు గంటల్లో దాటేస్తుంది, దాంతో మ్యాట్ కావాల్సిన గ్లేజ్ నిగనిగలాడుతూ బయటికి వస్తుంది. అప్పటికి కోన్లు ఎప్పుడో వంగిపోయి ఉంటాయి, వాటిని చూసి ప్రయోజనం లేదు. గంటకు 60, 70 డిగ్రీల చొప్పున మెల్లగా దింపాలంటే చూడాల్సింది తెర మీది అంకెనే, నమ్మాల్సింది థర్మోకపుల్‌నే. ఆ థర్మోకపుల్ ఎంత తప్పు చెబుతోందో ఎక్కేటప్పుడు కోన్లతో తేల్చుకుని ఉంటే, దిగేటప్పుడు ఆ తేడాను కలుపుకుని చదవొచ్చు.